పూలకుండీలు తగ్గినా ఫరవాలేదు, మనుషులు కనపడాలి

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో ఫాలడార్ అనే ఊరు దాటి దక్షిణంగా కొంచెం నడిస్తే గుండ్రంగా నిలబెట్టిన పాత రాళ్ళు కనిపిస్తాయి. సంచిలో ఎయిర్ టాలిస్మన్ అనే తాయెత్తు ఉంటే వాటి లోపలికి వెళ్ళొచ్చు. అక్కడ ఎయిర్ ఆల్టర్ అనే పీఠం ఉంటుంది. రూన్ ఎసెన్స్ అనే రాయిని దానికి తాకిస్తే మంత్రాలకి పనికొచ్చే ఎయిర్ రూన్లు తయారవుతాయి. ఆటలో ఇంతకంటే చిన్న పని లేదు. ఒక్కో ఎసెన్స్‌కి వచ్చేది 5 పాయింట్లే. సంచిలో ఉండేవి 28 గళ్ళు, గడికి ఒక్క ఎసెన్సే పడుతుంది. మోసుకెళ్ళి, రూన్లు చేసుకుని, మళ్ళీ ఫాలడార్ బ్యాంకు దాకా నడిచి, మళ్ళీ నింపుకుని రావాలి. ఒంటరిగా చేస్తే అరగంటలో విసుగొచ్చేస్తుంది.

2006, 2007 ప్రాంతంలో 16వ నంబర్ వరల్డ్‌లోకి (ఆట నడిచే సర్వర్లలో ఒకదాన్ని వరల్డ్ అంటారు) వెళ్తే మాత్రం ఆ దారి తిరునాళ్ళలా ఉండేది. బ్యాంకు నుంచి ఆల్టర్ దాకా జనం ఒకటే పరుగు. వాళ్ళని రన్నర్లు అనేవాళ్ళం. లోపల ఆల్టర్ పక్కన కదలకుండా నిలబడేవాళ్ళు క్రాఫ్టర్లు. ఈ పనిలో లెవెల్ 11కి చేరితే ఒక ఎసెన్స్‌కి రెండు రూన్లు వస్తాయి, 22కి మూడు, 33కి నాలుగు, అలా పెరుగుతూ పోతాయి. పెద్ద లెవెల్ క్రాఫ్టర్‌కి రూన్లు బోలెడు వస్తాయి కానీ నడిచే ఓపిక ఉండదు. చిన్న లెవెల్ వాడికి కాళ్ళున్నాయి, రూన్లు లేవు. అందుకని రన్నర్ ఎసెన్స్ తెచ్చిస్తే, క్రాఫ్టర్ దానికి రెట్టింపు రూన్లు చేతిలో పెట్టేవాడు. క్రాఫ్టర్ పాయింట్లు సంపాదించుకునేవాడు, రన్నర్ రూన్లు పట్టుకుపోయేవాడు. ఈ ఏర్పాటు ఏ క్వెస్ట్‌లోనూ లేదు, ఏ మెనూలోనూ రాసిలేదు. ఆడేవాళ్ళే కనిపెట్టుకుని, ఓ వరల్డ్ ఎంచుకుని, రేటు కట్టుకుని నడిపించుకున్నారు.

నేను రన్నర్‌ని. తెనాలిలో మా వీధి చివర నెట్ సెంటర్‌లో, గంటకి 20 రూపాయలు. ఆ ఓనరు సిస్టమ్‌లో ఏ గేమూ ఇన్‌స్టాల్ చెయ్యనిచ్చేవాడు కాదు. రూన్‌స్కేప్‌కి ఆ అవసరమే లేదు, బ్రౌజర్‌లో జావా ఉంటే చాలు. లో డిటైల్ కావాలా హై డిటైల్ కావాలా అని ముందే అడిగేది. మేం ఎప్పుడూ లో డిటైలే. అన్నయ్య పక్క సిస్టమ్‌లో కూర్చుని, "బ్యాంకులో నీ టాలిస్మన్ వేసేశావేమో చూసుకో" అని గుర్తుచేస్తూ ఉండేవాడు.

ట్రేడ్ ఎలా జరిగేదో చెప్పాలి. క్రాఫ్టర్ మీద రైట్ క్లిక్ చేసి ట్రేడ్ అడిగితే ఓ కిటికీ తెరుచుకుంటుంది. నా వైపు ఎసెన్స్, అతని వైపు రూన్లు. ఇద్దరూ యాక్సెప్ట్ నొక్కాక ఇంకో కిటికీ వస్తుంది, ఇచ్చేదేంటో పుచ్చుకునేదేంటో మళ్ళీ చూసుకోమని. చివరి క్షణంలో వస్తువు మార్చేసి మోసం చేసేవాళ్ళుంటారు కాబట్టి ఆ రెండో కిటికీ. అలవాటైపోయాక మొత్తం మూడు నాలుగు సెకన్ల పని. "థాంక్స్" అని రెండక్షరాలు కొట్టి మళ్ళీ పరుగు. నేను వరసగా ఒక క్రాఫ్టర్‌కే ఇచ్చేదాన్ని. అతనెక్కడివాడో నాకు తెలీదు, అతనికి నేనెవరో తెలీదు. ఓ రోజు పరీక్ష ఉండి వెళ్ళలేదు. మర్నాడు ట్రేడ్ కిటికీ తెరవకుండానే, "నిన్న రాలేదేం? నీ కోసం చూసి వేరేవాళ్ళ దగ్గర తీసుకున్నా" అన్నాడు ఇంగ్లీషులో.

ఓ ఆట లోకంలో మనం ఉన్నట్టు ఎప్పుడనిపిస్తుంది అని ఎవరడిగినా నేను చెప్పే జవాబు ఇదే. నేను రాకపోతే అవతల ఎవరికో పని ఆగాలి. నా లోటు ఒక్కరికైనా తెలియాలి. ఆన్‌లైన్ ఆర్‌పీజీ (మనమో పాత్రగా మారి ఆడే ఆట) నిలబడ్డా, పడిపోయినా, నాకు తెలిసినంతలో ఈ ఒక్క విషయం దగ్గరే తేలుతుంది.

మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఉన్నాడు. స్నేహితులతో కలిసి ఓ చిన్న ఆన్‌లైన్ గేమ్ చేస్తున్నాడు. మొన్న వీడియో కాల్‌లో చూపించాడు. గడ్డిపోచ గడ్డిపోచా గాలికి ఊగుతోంది, నీళ్ళలో చంద్రుడు కదులుతున్నాడు. చాలా బాగుంది. "ఒక చోట ఎంతమంది నిలబడగలరురా?" అని అడిగాను. "ఇప్పటికి ఎనిమిది మంది అక్కా, తర్వాత పెంచుతాం" అన్నాడు. వాడికి అప్పుడు ఫైనల్ ఫాంటసీ 14 కథ చెప్పాను, ఇక్కడా చెప్తాను.

2010 సెప్టెంబర్‌లో ఆ ఆట మొదటి రూపం విడుదలైంది. స్క్వేర్ ఎనిక్స్ లాంటి పెద్ద కంపెనీ, చూడ్డానికి కళ్ళు చెదిరే బొమ్మలు. ఆడేవాళ్ళు మాత్రం నిలవలేదు. ఆ డిసెంబర్‌లోనే బాధ్యత నవోకి యోషిదా చేతికి ఇచ్చారు. ఆయన తర్వాత ఓ సదస్సులో తప్పులు విడమరిచి చెప్తూ పూలకుండీ సంగతి చెప్పారు. ఆటలో ఊరికే అలంకారానికి పెట్టిన ఓ పూలకుండీకి, మనం నడిపే మనిషి బొమ్మకి పట్టినన్ని పాలిగాన్లు (తెరమీద బొమ్మని కట్టే చిన్న చిన్న ముక్కలు) పట్టాయట. కుండీలకే యంత్రం శక్తంతా అయిపోతే తెరమీద మనుషులకి చోటెక్కడుంటుంది? ఒకేసారి కొద్దిమందినే చూపించగలిగేది. వేలమంది కలిసి ఆడాల్సిన ఆటలో పక్కవాడు కనిపించకపోతే ఇంక అది లోకమేంటి?

యోషిదా బృందం ఓ వంక పాత ఆటని నడుపుతూనే ఇంకో వంక మొత్తం కొత్తగా కట్టింది. 2012 నవంబర్ 11న పాత సర్వర్లు మూసేసేటప్పుడు ఆ లోకాన్నే కథలో అంతం చేశారు. చాలాకాలంగా ఆకాశంలో కిందకి దిగుతూ వస్తున్న ఎర్ర చందమామ దలముడ్ విరిగి పడింది. ఆడేవాళ్ళు ఆ చివరి ఘడియ చూడ్డానికి లాగిన్ అయి నిలబడ్డారు. 2013 ఆగస్టులో ఎ రెల్మ్ రీబార్న్ పేరుతో మళ్ళీ తెరిచారు, ఈనాటికీ నడుస్తోంది. కొత్తదాంట్లో కుండీలు సాదాగా ఉన్నాయి, మనుషులు గుంపులుగా కనిపించారు. నేను ఆ మార్పుని సాంకేతిక విజయం కంటే ప్రాధాన్యాల విజయంగా చూస్తాను.

హైదరాబాద్‌లో సర్వర్ల పనిలో చేరాక గానీ రూన్‌స్కేప్ మా తెనాలి నెట్ మీద అంత బాగా ఎలా నడిచిందో నాకు అర్థం కాలేదు. ఆ సర్వర్ 0.6 సెకన్లకి ఒకసారి లెక్క చూస్తుంది. దాన్ని టిక్ అంటారు. ఆ 0.6 సెకన్ల లోపు ఎవరేం నొక్కినా అందరివీ కలిపి తర్వాతి టిక్‌లో జరుగుతాయి. లండన్‌లో మంచి కనెక్షన్ ఉన్నవాడిది ముందు చేరుతుంది, మాది కాస్త ఆలస్యంగా చేరుతుంది, కానీ ఇద్దరం చాలాసార్లు ఒకే టిక్‌లో పడతాం. 2001లో ఇంగ్లండ్‌లో గోవర్ అన్నదమ్ములు డయలప్ రోజుల్లో మొదలుపెట్టిన ఆట అది. నెమ్మదైన నెట్‌వాళ్ళని బయట పెట్టని నిర్మాణం దాని పునాదిలోనే ఉంది. వేగంగా చెయ్యి ఆడించే ఆటల్లో పింగ్ (మనం నొక్కింది సర్వర్ దాకా వెళ్ళి రావడానికి పట్టే సమయం) ఎక్కువుంటే మనం చచ్చాకే మనకి తెలుస్తుంది. అలాంటి ఆటలో లీనమవడం కుదరదు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇదే ఆలోచన ఇంకా పెద్ద ఎత్తున చేసింది ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ వాళ్ళ ఈవ్ ఆన్‌లైన్. 2003 నుంచి నడుస్తోంది. చైనాది వేరుగా ఉంచితే మిగతా ప్రపంచమంతా ఒకే విశ్వంలో ఆడుతుంది. వేలమంది ఒకే నక్షత్ర మండలంలోకి యుద్ధానికి దిగితే ఏ సర్వరైనా చేతులెత్తేస్తుంది. వాళ్ళు అప్పుడు జనాన్ని ఆపలేదు, కాలాన్ని నెమ్మది చేశారు. టైమ్ డైలేషన్ అంటారు. భారం పెరిగేకొద్దీ ఆ మండలంలో ఆట వేగం తగ్గుతూ మామూలులో 10 శాతం దాకా దిగుతుంది. ఫిరంగి పేలడం, ఓడ తిరగడం అన్నీ అందరికీ సమానంగా నెమ్మదవుతాయి. 2014 జనవరి 27, 28 తేదీల్లో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో జరిగిన యుద్ధం అలాగే 21 గంటలు సాగింది. అక్కడి స్థావరం మీద హక్కు నిలుపుకోడానికి కట్టాల్సిన రుసుము కట్టకపోవడంతో అదంతా మొదలైంది. ఆటలోకెల్లా పెద్ద ఓడలు, టైటాన్లు, 75 కూలిపోయాయి. ఒక్కో టైటాన్ వెనక ఎంతోమంది నెలల తరబడి తవ్విన ఖనిజం, కూడబెట్టిన సొమ్ము ఉంటుంది. పోయింది పోయినట్టే, తిరిగి రాదు. నష్టాన్ని డాలర్లలోకి మారిస్తే 3 లక్షల దాకా అని అప్పట్లో లెక్కలు వేశారు. కంపెనీ ఆ చోట ఓడల శకలాలతో స్మారకం పెట్టింది. నేను ఈవ్ ఎక్కువ ఆడలేదు, ఆ యుద్ధాల ఓపిక నాకు లేదు. కానీ సర్వర్లతో పనిచేసేదాన్నిగా ఆ నిర్ణయానికి దణ్ణం పెడతాను. జనం ఎక్కువైనప్పుడు జనాన్ని తగ్గించడమే మాకు తెలిసిన దారి.

మళ్ళీ రూన్‌స్కేప్ దగ్గరికి. 2007 చివర్లో ఆ ఆట నడిపే కంపెనీ జాగెక్స్ ముందున్న చిక్కు నిజమైనదే. ఆటలోని బంగారాన్ని అసలు డబ్బుకి అమ్మే ముఠాలు తయారయ్యాయి. దొంగిలించిన క్రెడిట్ కార్డులతో సభ్యత్వాలు కట్టి, బాట్లతో (మనిషి లేకుండా వాటంతటవే ఆడే ప్రోగ్రాములతో) బంగారం తవ్వించేవాళ్ళు. ఆ లావాదేవీలు వెనక్కి తిరిగితే బ్యాంకులతో కంపెనీకి పీకలమీదకొస్తుంది. అందుకని 2007 డిసెంబర్‌లో వైల్డర్నెస్ అనే ప్రాంతంలో ఆటగాళ్ళు ఒకరినొకరు చంపుకోవడం తీసేశారు. 2008 జనవరిలో ట్రేడ్‌కి హద్దు పెట్టారు. ఇచ్చేదానికి, పుచ్చుకునేదానికి విలువలో తేడా ఓ పరిమితి దాటితే ట్రేడ్ ఒప్పుకోదు.

ముఠాల కోసం కట్టిన గోడ అందరికీ అడ్డమొచ్చింది. నేను కొత్తగా చేరిన రోజుల్లో వారక్ అనే ఊళ్ళో పడమటి బ్యాంకు ముందు ఎవరో పెద్ద లెవెల్ మనిషి తన పాత అడమంట్ కవచం మొత్తం నాకు ఊరికే ఇచ్చేశాడు. అలాంటిదాన్ని వేసుకున్న రోజున ఊళ్ళో ఎంత గర్వంగా తిరిగానో. కొత్త నియమం వచ్చాక ఖరీదైన కానుక ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. దానానికి, దొంగ సరుకుకి తేడా సర్వర్‌కి తెలీదు కదా. అంతకు కొద్ది ముందే గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ కూడా పెట్టారు. అమ్మాల్సింది అందులో వేసి మన పని మనం చూసుకోవచ్చు, కొనేవాడి మొహం చూడక్కర్లేదు. బ్యాంకు ముందు "లాబ్‌స్టర్లు అమ్ముతున్నా" అని అక్షరాలు మెరిసేలా ముందు ఫ్లాష్ అని కొట్టి అరిచే జనం పల్చబడ్డారు. రేటు బేరమాడుతూ కబుర్లలోకి దిగడం, ఆ కబుర్లలోంచి స్నేహాలు, అవన్నీ తగ్గిపోయాయి. అన్నయ్య అప్పుడే మానేశాడు. నేనూ కొన్నాళ్ళకి మానేశాను.

2011 జనవరిలో కంపెనీ ఆటగాళ్ళనే అడిగింది, పాత పద్ధతి తిరిగి తెమ్మంటారా అని. 12 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, పదింట తొమ్మిది తెమ్మనే. ఫిబ్రవరి 1న వైల్డర్నెస్, స్వేచ్ఛా ట్రేడ్ రెండూ తిరిగొచ్చాయి. అయితే 2012 నవంబర్‌లో పోరాట పద్ధతి మొత్తం మార్చేసేసరికి పాతవాళ్ళు మళ్ళీ వెళ్ళిపోయారు. అప్పుడు కంపెనీ దగ్గర 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి భద్రంగా ఉందని తేలింది. దాన్ని తెరుద్దామా అంటే దాదాపు 4.5 లక్షల మంది ఓటేశారు. 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొదలైంది. అప్పటినుంచి అందులో పెద్ద మార్పు ఏది రావాలన్నా ఓటింగ్ పెడతారు. చాలా ఏళ్ళు 75 శాతం ఒప్పుకుంటే తప్ప చేర్చలేదు, తర్వాత దాన్ని 70 చేశారు.

ఇక్కడే నన్ను ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. 2015లో ఆ ఓల్డ్ స్కూల్‌లోకి గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ మళ్ళీ వచ్చింది, ఆటగాళ్ళ ఓటుతోనే. బ్యాంకు ముందు గంటసేపు అరిచి లాబ్‌స్టర్లు అమ్ముకునే తీరిక పదిహేనేళ్ళ వయసులో ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, పిల్లని పడుకోబెట్టాక మిగిలే ముప్పావుగంటలో ఉండదు. అటు ఓటేసినవాళ్ళు లోకాన్ని పాడుచేశారని నేననను, నేనున్నా అటే వేసేదాన్నేమో. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2009 డిసెంబర్‌లో డంజన్ ఫైండర్ వచ్చినప్పుడూ ఇదే వాదన. డంజన్ అంటే టీమ్‌గా దిగి పోరాడే గుహ. బటన్ నొక్కితే వేరే వేరే సర్వర్ల నుంచి మనుషుల్ని తెచ్చి టీమ్ కట్టేస్తుంది. అంతకుముందు చాట్‌లో పిలిచి, ఎదురుచూసి, నడుచుకుంటూ గుహ దాకా వెళ్ళాల్సి వచ్చేది. పని సులువైంది, కానీ ఐదుగురూ ఒక్క మాట మాట్లాడకుండా గుహ ముగించి వెళ్ళిపోవడం మామూలైంది.

మరి తీరిక లేని మనుషులకి కూడా ఒకరి అవసరం ఇంకొకరికి ఉండేలా చెయ్యడం కుదురుతుందా అంటే, కుదురుతుందని ఫైనల్ ఫాంటసీ 14 చూపించింది. అందులోనూ బటన్ నొక్కితే టీమ్ వస్తుంది. కానీ రౌలెట్ అని ఓ పద్ధతి పెట్టారు. పెద్ద లెవెల్ వాళ్ళకి రోజూ బహుమానం కావాలంటే అందులో చేరాలి, అది ఏ గుహకి పంపిస్తే అక్కడికి వెళ్ళాలి. సస్తాషా అని లెవెల్ 15లో వచ్చే మొట్టమొదటి గుహకి కూడా పంపొచ్చు. లోపలికి వెళ్ళగానే పెద్దవాడి బలం ఆ స్థాయికి తగ్గిపోతుంది. టీమ్‌లో ఎవరికైనా అది మొదటిసారైతే అందరికీ అదనపు బహుమానం అని తెరమీద చెప్తుంది. కొత్తవాళ్ళ పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది. అయ్యాక టీమ్‌లో ఒకరికి మెచ్చుకోలు ఇవ్వొచ్చు.

నా మొదటి సస్తాషాలో నేను హీలర్‌ని, అంటే టీమ్ గాయాలు మాన్పేదాన్ని. ట్యాంక్, అంటే ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు, ఎప్పటినుంచో ఆడుతున్న మనిషి. కాగితంలో రాసిన రంగుని బట్టి ఏ పగడం నొక్కాలో తేల్చే చోట అతను ఆగిపోయాడు. అతనికి పద్ధతి తెలుసు. అయినా నేను ఆ కాగితం చదివి నొక్కేదాకా అందరూ ఆగారు. ఆ ఆగడం అతని మంచితనమే, అందులో సందేహం లేదు. కానీ ఆ మంచితనానికి తావు, దానికి ఓ చిన్న లాభం, రెండూ డిజైన్ చేసినవాళ్ళు ముందే అమర్చిపెట్టారు. మనుషులు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్నది సగం ఆట నియమాలే తేలుస్తాయని నేను అక్కడే నమ్మాను.

ఇప్పుడు మళ్ళీ ఓల్డ్ స్కూల్‌కే వచ్చాను. 2021 అక్టోబర్‌లో గ్రూప్ ఐరన్‌మ్యాన్ పెట్టారు. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఓ జట్టు. బయటివాళ్ళతో ట్రేడ్ చెయ్యకూడదు, గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ వాడకూడదు. ఏది కావాలన్నా జట్టులో ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. మేం నలుగురం. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య, వదిన డాలస్‌లో, మా స్నేహితురాలు ఒకావిడ దుబాయ్‌లో. చాట్‌లో తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లోనే, మాటలు మాత్రం అచ్చంగా ఇంట్లో మాట్లాడుకునేవే. చేపలు పట్టడం, వండటం నా వంతు. వదినకి మూలికలు, కషాయాలు. అన్నయ్య బాస్‌లనే పెద్ద రాక్షసుల మీదకి వెళ్తాడు. దుబాయ్ ఆవిడ గనులు, కమ్మరిపని. డాలస్‌లో పగలైతే మాకు రాత్రి. నేను పొద్దున్న లాగిన్ అయ్యేసరికి "షార్క్‌లు అయిపోయాయి, రెండుసార్లు చచ్చాను" అని అన్నయ్య పెట్టిన మెసేజ్ ఉంటుంది. ఆఫీసుకి బయల్దేరేలోపు ఓ సంచి వండి పెట్టేస్తాను.

జట్టు మొత్తానికి ఉమ్మడి నిల్వ ఒకటుంటుంది. దాన్ని ఒకసారి ఒక్కరే తెరవగలరు. వదిన తెరిచిపెట్టి ఫోన్‌లోకి వెళ్ళిపోతే మిగతా ముగ్గురం బయట నిలబడి, "వదినా, కాస్త మూసెయ్యండి" అని అరుస్తూ ఉంటాం. జాగెక్స్ వాళ్ళు ఎప్పుడైనా ఓటింగ్ పెట్టి, నలుగురూ ఒకేసారి తెరిచేలా మార్చమంటారా అని అడిగితే నా ఓటు వద్దనే.